దయచూపుకొనుట

ముప్పైమూడేళ్ళు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఏ విషయాన్ని తలకెత్తుకొన్నా ముందుగా దాని వ్యాకరణం మీదికే నా దృష్టి పోతుంది; మిత్రులు మన్నించాలి. మన భాషలో ‘కొను’ అనే అనుప్రయోగం ఉంది. దానిని చాలా క్రియలకు చేరిస్తే ఆ పని ఫలం కర్తవైపే మరలుతుంది. వండితే ఎవరికోసమైనా కావచ్చు, వండుకొంటే తనకోసమే. రాస్తే లోకానికి, రాసుకొంటే తనకు. ఇప్పుడు కొన్ని మాటలు పైకి చదివి చూడండి: తిట్టుకొన్నాను, నిందించుకొన్నాను, తల బాదుకొన్నాను. ఎంత సాఫీగా వస్తాయో నోటికి! అదే వరుసలో ‘దయచూపుకొన్నాను’ అని అనండి. వ్యాకరణరీత్యా దోషమేమీ లేదు. అయినా చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎవరూ అనని మాట గనుక.

ఆ ఎబ్బెట్టుతనాన్ని గురించే ఈ టపా. దీర్ఘవ్యాధులతో బతికే కొందరిని వారానికొకసారి ఒకచోట కూర్చోబెట్టి, ఆ అనని మాటను మెల్లగా అలవాటు చేయించే చికిత్స ఒకటుంది. వైద్యులు దానిని కంపాషన్ ఆధారిత గ్రూప్ థెరపీ అంటారు. నేను కరుణాగోష్ఠి అని పిలుచుకొంటున్నాను. అటువంటి గోష్ఠిలో ఎనిమిది వారాలు నేనూ కూర్చొన్నాను.

నా వ్యాధి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. కీళ్ళవాతమని మనవాళ్ళంటారు గాని, ఇది వయసుతో కీళ్ళు అరిగి వచ్చే నొప్పి కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణవ్యవస్థే దారితప్పి కీళ్ళలోపలి పలుచని పొరమీద దాడి చేస్తుంది. ఇంటి కాపలాదారే ఇంటివాడిని కొట్టడం వంటిది. పురుషులలోకంటె స్త్రీలలో రెండుమూడు రెట్లు ఎక్కువ. తెల్లవారి లేచేసరికి వేళ్ళు కొయ్యబారి ఉంటాయి. గంట గడిస్తేగాని పిడికిలి ముడుచుకోదు. వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ మాత్రలు, వాటికి తోడు ఫోలిక్ ఆమ్లం, క్రమం తప్పకుండా రక్తపరీక్షలు. ఇన్ని చేస్తే అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు. తెలుగు లిపి అంతా గుండ్రన గదా! ప్రతి తలకట్టుకూ, ప్రతి కొమ్ముకూ మణికట్టు తిరగాలి. ఉద్యోగవిరమణకు నాలుగేళ్ళ ముందు నల్లబల్లమీద నా చేతిరాత చెదరడం మొదలయింది. పిల్లలు ఏమీ అనలేదు. అన్నది నేనే, లోలోపల: ‘ఇంత చేతకానిదానివయ్యావా’ అని.

దీర్ఘవ్యాధి ఒంటరిగా రాదు. వెనకనే నిందను వెంటబెట్టుకొని వస్తుంది. మధుమేహం వచ్చినవాడిని ‘నోరు కట్టుకోలేకపోయాడు’ అంటారు. కీళ్ళు వాచినదానిని ‘చిన్నతనంలో చన్నీళ్ళలో నానింది’ అంటారు. ఏ కారణమూ దొరకకపోతే పూర్వజన్మ ఉండనే ఉంది. ఆపైన సలహాలు. నల్లేరు పచ్చడి తినమనేవారు, వంకాయ మానమనేవారు, ఫలానా ఊళ్ళో ఆకుపసరు పోస్తారని బస్సు నంబరుతో సహా చెప్పేవారు. ఎవరిలోనూ చెడు ఉద్దేశం లేదు. కాని ప్రతి సలహా అడుగునా ఒక వాక్యం దాగి ఉంటుంది: ‘నీవు చేయవలసినది చేయడంలేదు’ అని. పదేళ్ళు వింటే ఆ వాక్యం మనదే అయిపోతుంది. అనేవారు ఊరుకొన్నా లోపల అది మోగుతూనే ఉంటుంది.

మరి జాలి చూపేవారు లేరా అంటే, ఉన్నారు. అయితే జాలి ఒక మెట్టు పైనుంచి కిందికి చూస్తుంది. ‘అయ్యో పాపం’ అన్న మాటలో అనేవారికీ పడేవారికీ మధ్య ఒక గీత పడుతుంది. దయ అట్లా కాదు. పాణినీయ ధాతుపాఠంలో ‘దయ’ ధాతువుకు అయిదు అర్థాలు చెప్పారు: ఇవ్వడం, కదలడం, కాపాడడం, హింసించడం, పుచ్చుకోవడం. నా చదువు రోజులలో ఈ జాబితాను వల్లెవేశానే గాని, ఇచ్చుటా పుచ్చుకొనుటా ఒకే ధాతువులో ఎందుకిమిడాయో ఆలోచించే అవసరం కలగలేదు. హింస కూడా అదే వరుసలో ఉండడం ఇంకా విచిత్రం. దయ పేరుతో నొచ్చుకొనేటట్టు మాట్లాడే బంధువులను చూసినప్పుడల్లా ఆ జాబితా గుర్తుకొస్తుంది.

రోగులను ఒకచోట చేర్చి మాట్లాడించడం కొత్త సంగతి కాదు. 1905లో అమెరికాలోని బోస్టను నగరంలో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు క్షయవ్యాధి సోకిన పేదలకోసం ఒక తరగతి నడిపాడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో క్షయరోగుల శానటోరియం వెలసినది కూడా ఆ మందులేని కాలంలోనే. విశ్రాంతి, గాలి, తిండి తప్ప వైద్యుడు ఇవ్వగలిగినది లేదు. శానటోరియానికి వెళ్ళే స్తోమతలేని వారు ఆ నియమాలను ఇంటివద్దనే పాటించాలని ప్రాట్ ఉద్దేశం. వారు రోజువారీ జ్వరాన్నీ విశ్రాంతినీ ఒక పుస్తకంలో రాసుకొని వారానికొకసారి వచ్చేవారు. అతడు ప్రారంభించినది ఆరోగ్యపాఠం. కాని వేరువేరు జాతుల, మతాల మనుషులు ఒకే జబ్బు బంధంతో ఒకరికొకరు ఆసరా అవుతున్నారని అతడు గమనించాడు. గ్రూప్ థెరపీ చరిత్ర చెప్పేవారు ఈ తరగతినుంచే మొదలుపెడతారు.

1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్, మందులతో తగ్గని నొప్పులున్నవారికోసం ధ్యానశిక్షణ మొదలుపెట్టాడు. కరుణను చికిత్సకు కేంద్రంగా తెచ్చినవాడు మాత్రం ఇంగ్లండుకు చెందిన పాల్ గిల్బర్ట్. మనోవ్యాకులతతో వచ్చేవారికి తర్కబద్ధంగా ఆలోచించడం నేర్పితే వారు చక్కగా నేర్చుకొనేవారట. ‘ఇది నా తప్పు కాదు’ అని సరైన వాక్యమే తమకు తాము చెప్పుకొనేవారు. కాని ఆ చెప్పే గొంతు కర్కశంగా, చీదరింపుగా ఉండేదట. మాట మారింది, గొంతు మారలేదు. తరగతిగదిలో బతికినదాన్ని గనుక ఇది నాకు వెంటనే అర్థమయింది. ‘కూర్చో’ అన్న ఒక్క మాటను ఎన్ని విధాల అనవచ్చునో ఏ ఉపాధ్యాయురాలికి తెలియదు!

గిల్బర్ట్ మనసులో మూడు వ్యవస్థలను చెబుతాడు. ప్రమాదాన్ని పసిగట్టేది ఒకటి, కావలసినదాని వెంట పరుగెత్తించేది ఒకటి, నెమ్మదినిచ్చేది ఒకటి. దీర్ఘవ్యాధిలో మొదటిది ఎప్పుడూ మేల్కొనే ఉంటుంది, నొప్పే ఒక ప్రమాదసూచన గనుక. రెండవదానికి కాళ్ళు విరిగిపోతాయి. ఇక మూడవది. పసితనంలో తల్లి ఒడిలో అలవడిన ఆ నెమ్మదికి పెద్దయ్యాక అభ్యాసం లేక తుప్పుపడుతుంది. బయటివాడు అరిస్తే గుండె ఎలా దడదడలాడుతుందో, మనలను మనమే తిట్టుకొన్నప్పుడూ అలాగే దడదడలాడుతుందని అతని వాదం. కనుక ఆత్మనింద అలవాటయిన రోగి రాత్రింబవళ్ళు శత్రువుతో ఒకే ఇంట్లో కాపురముంటున్నట్లే. అమెరికాలో క్రిస్టిన్ నెఫ్ అనే ఆచార్యురాలు బౌద్ధంలోని కరుణాభావన ఆధారంగా ‘తనపట్ల కరుణ’కు మూడు లక్షణాలు చెప్పి, దానిని కొలిచే ప్రశ్నావళిని 2003లో ప్రచురించారు. ఆ మూడూ ఇవి: తనతో మృదువుగా మసలడం, కష్టం మానవులందరికీ ఉమ్మడిదని గుర్తించడం, బాధను పెంచకుండా తుంచకుండా ఉన్నదున్నట్లు చూడడం.

ఇక మా గోష్ఠి. మా పట్టణంలోని ఒక ఆసుపత్రిలో, మధ్యాహ్నం రోగుల వరుస పలచబడ్డాక, ఒక చిన్న గదిలో తొమ్మిది కుర్చీలు. నడిపినది మా అమ్మాయి వయసున్న సైకాలజిస్టు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదన్నది మొదటి నియమం. అందుచేత కింద రాసినది ఆ వ్యక్తుల అనుమతితో, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను. రెండవ నియమం నాకెంతో నచ్చింది: ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వరాదు. నల్లేరు పచ్చడికి అక్కడ ప్రవేశం లేదు! మొదటి వారం సగంమంది ఏం మాట్లాడాలో తోచక గోడగడియారం చూశారు. సలహాను తీసేస్తే మన సంభాషణలో మిగిలేది ఎంత తక్కువో ఆ రోజు తెలిసింది. నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం, అరచేయి గుండెమీద పెట్టుకొని దాని వెచ్చదనాన్ని గమనించడం, ఆ వారం గడిచిన తీరు చెప్పుకోవడం – ఇంతే కార్యక్రమం.

నాలుగవ వారం ఒక దర్జీ నోరు విప్పాడు. నలభైయేళ్ళు దాటినవాడు, నాకున్న జబ్బే. కత్తెర పట్టలేడు. “నేనిప్పుడు ఇంట్లో కుర్చీలాంటోణ్ణండి. ఆవిడ మిషను తొక్కుతుంటే చూస్తా కూచోడమే,” అన్నాడు. కాసేపాగి, రెండు నెలలుగా మాత్రలు మానేశానని చెప్పాడు. ఆ డబ్బు పిల్లవాడి ఫీజుకు పనికొస్తుందట; పనికిరాని మనిషికి మందెందుకట. గదిలో ఎవరూ కదలలేదు. అతని ఎదుటి కుర్చీలో లూపస్ వ్యాధి ఉన్న పాతికేళ్ళ అమ్మాయి ఉంది. పెళ్ళిచూపులవారు వచ్చినప్పుడు వాళ్ళమ్మ ఆమె మాత్రలు బీరువాలో దాస్తుంది. సైకాలజిస్టు దర్జీని అడిగింది: “ఇదే మాట ఈ అమ్మాయి అంటే మీరేమంటారండీ?”

అతడు తడుముకోలేదు. “అదేంటమ్మా, జబ్బు నువ్వు కోరి తెచ్చుకొన్నావా? మీ అమ్మానాన్నలకి నువ్వు బరువా? మందేసుకో తల్లీ. నువ్వుండటమే వాళ్ళకి కావాల్సింది,” అన్నాడు.

“ఇప్పుడు ఇదే మాట మీకు మీరు చెప్పుకోండి,” అన్నది సైకాలజిస్టు.

నోరు తెరిచాడు. మాట రాలేదు. “రాదండి,” అన్నాడు కాసేపటికి. అప్పుడు మధుమేహంతో కాలి పుండు మానక బాధపడుతున్న రైల్వే పెద్దాయన, అంతవరకూ తన గురించి ఒక్క ముక్కా చెప్పనివాడు, కుర్చీ ముందుకు జరిపాడు. “నీకు రాకపోతే నేనంటాను, వింటావా నాయనా?” అని, ఆ వాక్యాలనే పొల్లుపోకుండా అతనికి అప్పజెప్పాడు. దర్జీ తలవంచుకొని విన్నాడు. భుజాలు కదులుతున్నాయి. పై వారం వచ్చినప్పుడు, డాక్టరుగారిని కలిసి మళ్ళీ మందు మొదలుపెట్టానని చెప్పాడు. అతనికి మందు అవసరమని ఆ ఆసుపత్రిలో అంతకుముందు చెప్పనివారు లేరు. వినడానికి ఒక వేరే గొంతు కావలసి వచ్చింది.

కరుణ మూడు దారులలో ప్రవహిస్తుందని గిల్బర్ట్ అంటాడు: మననుంచి ఇతరులకు, ఇతరులనుంచి మనకు, మననుంచి మనకే. మూడవదారి అందరికన్నా దుర్గమం. కొందరికి దయ అంటే భయం కూడా. తనపట్ల మెత్తబడితే సోమరితనం వస్తుందనీ, పట్టు జారిపోతుందనీ అనుకొంటారు. కొరడా లేకపోతే ఎద్దు నడవదని నమ్మిన రైతులాగా. ఒంటరిగా పుస్తకం చదివి ఆ మూడవదారిని తెరవడం కష్టం. గోష్ఠిలో మొదటి రెండు దారులూ కళ్ళెదుట తెరచే ఉంటాయి. మన మాట ఎదుటివారి నోటివెంట మనవద్దకే తిరిగి వస్తుంది.

ఆరవ వారం మాకు ఒక ఉత్తరం రాసే పని ఇచ్చారు. మనలను బాగా ఎరిగిన, మన మేలుకోరే ఒకరు మనకు రాసినట్టు రాయాలి. ఆ రోజు నా వేళ్ళు వాచి ఉన్నాయి. నేను చెబుతుంటే రాసిపెట్టడానికి ఆ లూపస్ అమ్మాయి కూర్చొన్నది. ఎన్ని బడులలో, ఎన్ని వేల మంది పిల్లలచేత లేఖారచన చేయించానో! ఆనాడు నాకు సంబోధన దగ్గరే ఆగిపోయింది. పెద్దలకు ‘పూజ్యులైన’ అంటాం, చిన్నవారికి ‘చిరంజీవి’ అంటాం, ‘ఉభయకుశలోపరి’ అంటాం. తనకు తాను రాసుకొనే ఉత్తరానికి మన లేఖాసంప్రదాయంలో సంబోధన లేదు. నా అవస్థ చూసి ఆ పిల్ల, “మీ స్టూడెంటుకి రాస్తున్నట్టు చెప్పండి మేడం,” అన్నది. ‘చిరంజీవి’ అని మొదలుపెట్టాను. ‘అక్షరం వంకరపోయినందుకు ఏ పిల్లనూ నేను తక్కువచేసి చూడలేదు. నిన్నూ చూడను’ అన్న వాక్యం వచ్చేసరికి గొంతు పూడుకొనిపోయింది. ఆ అమ్మాయి కలం ఆపి, తొందరేమీ లేదన్నట్టు కిటికీవైపు చూస్తూ కూర్చొన్నది. అంత మర్యాద తెలిసిన పిల్ల!

ఫలితమేమిటని అడిగేవారుంటారు. నా కీళ్ళు అలాగే ఉన్నాయి. పొద్దున్నే కాఫీ ఫిల్టరు మూత రాకపోతే, పూర్వం వంటింట్లో ఒక్కదాన్నే కొంగుతో పట్టి దానితో కుస్తీపట్టేదాన్ని. ఇప్పుడు కోడలిని పిలిచి, “ఇది కాస్త తీసిపెట్టమ్మా,” అంటున్నాను. ఆమె తీసిపెట్టి వెళ్ళిపోతుంది. అంతే సంగతి. ఆ ‘అంతే’కు నాకు పన్నెండేళ్ళు పట్టింది.

ఈ చికిత్సను గురించి అతిగా చెప్పడం కూడా న్యాయం కాదు. 2006లో గిల్బర్ట్, అతని సహచరి కలిసి ప్రచురించిన తొలి పరీక్షలో పన్నెండు సమావేశాలు పూర్తిచేసినవారు ఆరుగురే. వారిలో వ్యాకులత, సిగ్గు, ఆత్మనింద తగ్గాయి. 2016లో న్యూజిలాండునుంచి వెలువడిన అధ్యయనంలో 63 మంది మధుమేహరోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఎనిమిది వారాలు ఇటువంటి శిక్షణ ఇచ్చారు. వారిలో వ్యాకులత తగ్గడమేగాక, మూడు నెలల చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి సుమారు ఒక శాతం దిగింది. సంతోషించదగినదే, కాని 63 మంది తక్కువ సంఖ్య. గోష్ఠుల చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 1989లో స్టాన్‌ఫర్డుకు చెందిన డేవిడ్ స్పీగెల్ బృందం, ముదిరిన రొమ్ముకేన్సరున్న 86 మంది స్త్రీలను పరిశీలించి, వారం వారం గోష్ఠిలో పాల్గొన్నవారు ఎక్కువ కాలం బతికారని రాసింది. లోకమంతా ఆశపడింది. 2001లో కెనడాలో 235 మందితో అటువంటి పరీక్ష జరిపితే ఆయుష్షు పెరగలేదు. మనోవేదన, నొప్పి తీవ్రత మాత్రం తగ్గాయి, ముఖ్యంగా మొదట ఎక్కువ కుంగినవారిలో.

నాకు ఆ రెండవ ఫలితమే చాలుననిపిస్తుంది. రోజులు పెరగకపోయినా ఉన్న రోజు తేలికపడటం చిన్న విషయం కాదు. అయితే దయ మందుకు బదులు కాదు. దర్జీకి దయ చేసిన మేలు అతనిని మందు దగ్గరికి మళ్ళించడమే. దయ బస్సు చార్జీకీ బదులు కాదు. మూడవ వారం నుంచి రాకుండా పోయిన ఒకామె కూలిపనికి వెళుతుంది. మధ్యాహ్నం గోష్ఠికి వస్తే ఒక పూట కూలి పోతుంది. ఆ కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. సైకాలజిస్టు దానిని తీయించలేదు. ఈ చికిత్సను పల్లెల ఆసుపత్రులకు తేవాలనుకొనేవారు ముందుగా ఆలోచించవలసినది ఆ ఖాళీ కుర్చీని గురించే.

చివరగా మళ్ళీ వ్యాకరణానికే వస్తాను. ‘కొను’ నేడు అనుప్రయోగంగా మిగిలినా, స్వతంత్రక్రియగా దానికి పుచ్చుకొనుట అని అర్థం. డబ్బిచ్చి పుచ్చుకొనేదానికే ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నాం. ఆ లెక్కన దయచూపుకొనుట అంటే దయను పుచ్చుకొనుట. పుచ్చుకోవాలంటే మొదట ఎవరో ఒకరు ఇవ్వాలి, ఇచ్చినప్పుడు కాదనకుండా చేయి చాపాలి. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. మన ఇళ్ళలో ప్రతిదానిలోనూ ఒక దీర్ఘరోగి ఉంటూనే ఉన్నారు. గోష్ఠి అందుబాటులో లేనివారు, ఒక్క పూట సలహాలు కట్టిపెట్టి, ‘ఈ రోజు ఎలా ఉంది?’ అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా పక్కన కూర్చోవచ్చు.

ఇటువంటి గోష్ఠులలో పాల్గొన్న మిత్రులెవరైనా ఉంటే తమ అనుభవం తెలియజేయగలరు. నా వేళ్ళు అనుమతించినప్పుడు తప్పక జవాబిస్తాను.